చెక్క చాబీలు

ఇనుప తాళాన్ని చెక్కతో తెరవొచ్చా? తెరిచారు. అదీ ఒక జాలిం హుకూమత్ జైల్లో, దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో.

టిమ్ జెన్‌కిన్, స్టీఫెన్ లీ ఇద్దరూ తెల్లవాళ్లే. కానీ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ తరఫున కరపత్రాలు పంచారు. 1978లో జెన్‌కిన్‌కు 12 ఏళ్లు, లీకి 8 ఏళ్లు ఖైద్. అపార్థీడ్‌లో జైలుకీ రంగుంది: మండేలా, గుజరాతీ మూలాలున్న అహ్మద్ కథ్రాడా రాబెన్ దీవిలో, తెల్ల రాజకీయ ఖైదీలు ప్రిటోరియాలో.

జెన్‌కిన్ వార్డర్ చేతిలోని చాబీని కళ్లతోనే కొలిచాడు. జైలు వడ్రంగి షెడ్‌లో చెక్కముక్క మీద దాన్ని దించాడు. గదికి రెండు దర్వాజాలు. బయటిదాన్ని లోపల్నుంచి తెరిచే వీలే లేదు. అందుకని కిటికీలోంచి చీపురుకర్ర చాపి, దాని కొసన చాబీ తిప్పే ఒక ఉపాయం కట్టాడు. ఏం దిమాగ్! ఒక్కో తాళానికి ఒక్కో చాబీ. పెట్టి చూడటం, అరగదీయడం, మళ్లీ పెట్టడం. నెలల తరబడి సబర్.

1979 డిసెంబర్ 11న అలెక్స్ ముంబారిస్‌తో కలిసి ముగ్గురూ బయటపడ్డారు. చివరి దర్వాజా ఏ చాబీకీ లొంగకపోతే చట్రం చెక్కి తెరిచారు.

అందరూ జెన్‌కిన్ హునర్ గురించే చెప్తారు. నాకు డెనిస్ గోల్డ్‌బర్గ్ యాదికొస్తాడు. రివోనియా కేసులో మండేలాతో పాటు యావజ్జీవం పడినవాడు. ఆ రోజు పహరావాడి ధ్యాస మళ్లించి, తాను లోపలే ఉండిపోయాడు. ఆయన దర్వాజా 1985లో తెరుచుకుంది.