తాత కంప్యూటరూ, 137 జీబీ గోడా

కోలారులో మా పాతింటి అటక మీదున్న కంప్యూటర్‌ని గుజరీకి వేసేద్దామని నాయన రెండుసార్లు అన్నాడు. నేనే ఆపాను. మన వంశంవాళ్ళు ఈ పక్కకి ఎట్లా వచ్చారో పెద్దవాళ్ళని అడిగి తాత రాసిపెట్టిందంతా అందులోనే ఉంది.

2001లో కొన్న పెంటియం త్రీ అది. అచ్చుపనికి వాడే తెలుగు సాఫ్ట్‌వేర్ ఒకటి వేయించుకున్నాడు; దానికి తాళంచెవి ప్రింటర్ పోర్టుకి తగిలించే చిన్న డాంగిల్. ఆ ఫైళ్ళు యూనికోడ్ కావు, వేరే చోట తెరిస్తే పిచ్చిగీతలే. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి ప్రింటర్ పోర్టే లేదు. కాబట్టి ఆ పెట్టే లేవాలి, అదే విండోస్ 98తో లేవాలి. డిస్క్ చూస్తే టక్కు టక్కుమంటోంది.

దాని చోట ఎస్‌ఎస్‌డీ పెట్టాలి. పాత పెట్టె లేచే తీరు ఇది: స్విచ్ వేయగానే బయాస్ డిస్కులో మొదటి సెక్టార్, అంటే 512 బైట్లు చదువుతుంది. చివర 55, ఏఏ అనే గుర్తులుంటే పని దానికి అప్పగిస్తుంది. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 ఎంబీ హార్డ్ డిస్క్‌తో వచ్చిన నాటి పద్ధతి. అప్పట్నుంచి డిస్కులు పెరిగినప్పుడల్లా ఒక గోడ అడ్డమొచ్చింది. 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు, సెక్టార్‌కి 512 బైట్లు. గుణించి చూడండి, 528 ఎంబీ. అది దాటితే 8.4 జీబీ. తర్వాత సెక్టార్ నంబరుకి 28 బిట్లే ఇచ్చినందుకు 137 జీబీ. 48 బిట్ల పద్ధతి ఏటీఏ-6 ప్రమాణంతో 2002లో వచ్చింది. మా పెట్టె అంతకు ముందుది. టెస్టింగులో మేం మొదట తడిమేది ఇట్లాంటి అంచులనే. అయినా వాళ్ళని తిట్టబుద్ధి కాదు, 1983లో 528 ఎంబీ ఎవరింట్లో ఉండేది?

ఎన్‌వీఎంఈ డ్రైవ్ ఇందులో పనికిరాదు, ఆ బయాస్‌కి దాని భాషే తెలీదు. అందుకే గోడకి లోపలే ఉండేలా 120 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, దాన్ని ఐడీఈ కేబుల్‌కి కలిపే అడాప్టర్ కొన్నాను. పాత డిస్కుని లినక్స్ ఉన్న ఇంకో కంప్యూటర్‌కి తగిలించి డీడీరెస్క్యూతో సెక్టార్ సెక్టార్‌గా దించాను. రాత్రంతా పట్టింది. కొన్ని సెక్టార్లు రానేలేదు.

మొదటిసారి డిస్కే కనబడలేదు. అడాప్టర్ జంపర్ స్లేవ్‌లో ఉంది, మాస్టర్‌కి మార్చాను. అయినా లేవలేదు. మదర్‌బోర్డు మీద సీఆర్2032 బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. సెట్టింగులన్నీ పోయి, పాపం, ఫ్లాపీ కోసం వెతుక్కుంటోంది. కొత్త బ్యాటరీ వేసి, తేదీ సరిచేసి, బూట్ వరుసలో హార్డ్ డిస్క్‌ని ముందు పెట్టాను. లేచింది. ఆ కేబుల్ సెకనుకి 100 ఎంబీకి మించి మోయదు, అయినా తిరిగే పళ్ళెం లేదు గదా, తాత ఉన్నప్పటికంటే చురుగ్గా ఉంది.

నేను చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు తాత నేర్పినవే, కన్నడ అక్షరం పక్కన తెలుగక్షరం గీసి. ఇప్పుడు ఆయన పేజీలు తెర మీద చూస్తూ, ల్యాప్‌టాప్‌లో యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేస్తున్నాను. రాని సెక్టార్లలో ఒక ఫైలు పోయింది, అవ్వ పుట్టింటివాళ్ళది. తాత దాన్ని ప్రింటు తీసి బంధువులకి పంచిన గుర్తు. మీ ఇంట్లో ఎవరి పెట్టెలోనైనా ఆ కాగితాలుంటే ఫోటో తీసి పంపండి.