129 స్లైడ్లు, రెండు గంటలు

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో సర్జన్ చంకలోంచి ఒకటో రెండో లింఫు గ్రంథులు తీసి ల్యాబుకు పంపుతారు. కణితిని వదిలి బయల్దేరిన కణాలు సాధారణంగా ముందు చేరేది అక్కడికే. గ్రంథిని మైనంలో బిగించి, పల్చటి పొరలుగా కోసి, హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు పట్టిస్తారు. మైక్రోస్కోపు కింద చూస్తే లింఫు కణాలు చిక్కటి ఊదా చుక్కల్లా కిక్కిరిసి ఉంటాయి. వాటి నడుమ కాస్త పెద్దగా, పాలిపోయి, గుంపుకట్టిన కణాలు ఉన్నాయేమో పాథాలజిస్టు గాలించాలి. ఆ గుంపు ఒక్కోసారి అర మిల్లీమీటరు కూడా ఉండదు. అది కంటపడిందా లేదా అన్నదాన్ని బట్టి రోగి చికిత్సే మారిపోవచ్చు.

నెదర్లాండ్స్‌లో నైమేఖెన్, ఉట్రెక్ట్ నగరాల వైద్య కేంద్రాల నుంచి సేకరించిన ఇలాంటి 399 స్లైడ్లతో 2016లో ఒక పోటీ జరిగింది. పేరు కామెలియన్16. కంప్యూటర్లకు నేర్పడానికి 270 స్లైడ్లు, పరీక్షకు 129. ఏప్రిల్‌లో ప్రాగ్ సదస్సులో హార్వర్డ్-ఎంఐటీ బృందం నెగ్గింది. స్కాన్ చేసిన స్లైడు వందల కోట్ల పిక్సెళ్లు. ఏ న్యూరల్ నెట్‌వర్కూ దాన్ని ఒక్క గుక్కలో మింగలేదు. అందుకని చిన్న చిన్న చదరాలుగా కోసి, ఒక్కోదానిలో క్యాన్సర్ ఉండే అవకాశాన్ని లెక్కగట్టి, వాటన్నిటినీ కలిపి రంగుల పటం గీశారు. మంచి కణజాలాన్ని నెట్‌వర్క్ క్యాన్సర్‌గా పొరబడిన చోట్లను ఏరి, వాటినే మళ్లీ పాఠంగా పెట్టారు. అప్పుడు వచ్చిన స్కోరు 0.925. పూర్తిగా సరైతే 1, గుడ్డిగా చెబితే 0.5. ఆ తర్వాత స్లైడ్ల రంగుల్లో తేడాలను కూడా సరిచేసి ఆ బృందమే పంపిన రెండో పద్ధతికి 0.994 వచ్చింది.

2017 డిసెంబరులో జామా వైద్య పత్రిక ఈ ఫలితాలు ప్రచురించింది. అవే 129 స్లైడ్లను 11 మంది పాథాలజిస్టులు ఇంచుమించు రెండు గంటల గడువులో చూశారు. అంటే స్లైడుకు నిమిషం కూడా లేదు. సగటు 0.810. బాగా చిన్న గుంపులు మాత్రమే ఉన్న స్లైడ్లలో, వాళ్లలో మేటికి కూడా మూడో వంతుకు పైగా దొరక్కుండా పోయాయి. యంత్రం డాక్టర్లను ఓడించిందని ఇక్కడితో ఆగిపోతే, నా దృష్టిలో, అన్యాయం. గడువు పెట్టని మరో పాథాలజిస్టు ఆ స్లైడ్లకే సుమారు 30 గంటలు వెచ్చించి 0.966 తెచ్చుకున్నారు. సందేహం వస్తే ల్యాబులో అడిగి చేయించుకునే, క్యాన్సర్ కణాలను ఎత్తిచూపే కెరటిన్ పరీక్ష ఈ పోటీలో ఎవరికీ అందుబాటులో లేదు కూడా. డాక్టర్లకు కరవైంది చూపు కాదు, తీరిక. ఏ ఆసుపత్రి మాత్రం ఒక పాథాలజిస్టుకు 129 స్లైడ్ల కోసం 30 గంటలు ఇవ్వగలదు?

2021 సెప్టెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించిన పేజ్ ప్రోస్టేట్ సాఫ్ట్‌వేర్ సరిగ్గా ఆ లోటు మీదే పనిచేస్తుంది. ఇక్కడ రొమ్ము కాదు, ప్రోస్టేట్ క్యాన్సర్. ముందు పాథాలజిస్టు ప్రోస్టేట్ గ్రంథి బయాప్సీ చూస్తారు. ఆ తర్వాత అన్నిటికన్నా అనుమానాస్పదమైన చోటును సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది. దాన్ని మళ్లీ పరిశీలించి నిర్ణయం చెప్పేది డాక్టరే. 16 మంది పాథాలజిస్టులు 527 స్లైడ్ల చిత్రాలతో చేసిన అధ్యయనంలో, ఈ తోడుతో క్యాన్సర్‌ను పట్టుకోవడం సగటున 7.3 శాతం మెరుగుపడింది.