గేమ్‌లో అల్కగా చూసే జపాన్ ట్యాంకులు స్లిమ్ రివర్ దగ్గర ఏం చేసినయ్?

పోస్టు కొంచెం పొడుగు, తీరిక దొరికినప్పుడు చదవండి. మేం త్రిపురారం మండలం తండాల నుంచి వచ్చి హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నం. రూముల్లో వార్ థండర్ ఆడేటోళ్లు మస్తుమంది ఉన్నరు కాబట్టి ఆ గేమ్ నుంచే మొదలుపెడతం.

జపాన్ లైన్ తీసుకున్నోళ్లకు మొదట్లోనే చేతికొచ్చే ట్యాంకు హా-గో. దాన్ని ఇష్టపడి నడిపేటోడు ఎవడూ ఉండడు. బరువు 7.4 టన్నులు. ఎంత మందంగా ఉన్న చోటైనా కవచం 12 మిల్లీమీటర్లే. గన్ 37 మిల్లీమీటర్లది. లోపల ముగ్గురే మనుషులు, ఇద్దరు పోతే ఆట ఖతం. దాని తర్వాత చి-హా వస్తది. అది 15 టన్నులు, కవచం 25 మిల్లీమీటర్లు, పొట్టి 57 మిల్లీమీటర్ల గన్. దీన్ని కూడా డబ్బా అనే అంటరు. అందరి కన్నూ పైన ఉన్న చి-టో, చి-రి, హో-రి మీదనే.

ఈ పేర్లకు అర్థం ఉంది. 'చి' అంటే మధ్యరకం ట్యాంకు. మనకు అ, ఆ, ఇ ఉన్నట్టు వాళ్ల పాత అక్షరాల వరుస ఇ, రో, హా అని నడుస్తది. చి-హా అంటే మధ్యరకంలో మూడోది. చి-రి తొమ్మిదోది. టైప్ 95, టైప్ 97 అనేవి జపాన్ వాళ్ల సొంత సంవత్సర లెక్కలో చివరి రెండంకెలు. మన లెక్కలో 1935, 1937.

ఇక అసలు సంగతి. గేమ్‌లో మనం కష్టపడి సంపాదించుకునే పెద్ద ట్యాంకులు యుద్ధంలో ఒక్కసారి కూడా కొట్లాడలే. చి-నులను 1945లో అమెరికా వాళ్లు జపాన్ గడ్డమీద దిగితే వాడుదామని ఇంట్లోనే దాచిపెట్టుకున్నరు. చి-రి ఒక్కటే తయారుచేయ మొదలుపెట్టిన్రు, అది పూర్తి కాకముందే యుద్ధం అయిపోయింది. హో-రి అసలు పూర్తిగా తయారే కాలే. ఉన్న ఉక్కు అంతా ఓడలకూ విమానాలకూ పోతుండె, ట్యాంకులకు మిగిలింది తక్కువ. ఎవరి మీదా ఒక్క గుండు పేల్చని ట్యాంకులు గేమ్‌లో హీరోలయినయ్, నిజంగా ఊళ్లమీద పడ్డ హా-గో, చి-హాలేమో నవ్వులాట అయినయ్.

ఆ నవ్వులాట ట్యాంకులు ఏం చేసినయో చూడాలంటే మలయా పోవాలె. ఇప్పటి మలేసియా, పేరాక్ రాష్ట్రం. తేదీ 1942 జనవరి 7.

జపాన్ సైన్యం 1941 డిసెంబర్ 8న కోట భారు దగ్గర దిగింది. అక్కడి ఎయిర్‌ఫీల్డ్‌కు కాపలా ఉన్నోళ్లలో నిజాం రాజ్యం పంపిన హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ ఒకటి. నెల రోజులు వెనక్కి జరిగి జరిగి, నిద్రలేక అలిసిపోయిన బ్రిటిష్ ఇండియా సైన్యం చివరికి స్లిమ్ నది ముందర, ట్రోలాక్ దగ్గర రోడ్డును పట్టుకొని నిలబడ్డది. అందరికంటే ముందున్న దళం పేరు 4/19 హైదరాబాద్ రెజిమెంట్.

పేరు చూసి మనోళ్లనుకునేరు. కాదు. నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారులు నడిపిన పాత హైదరాబాద్ కంటింజెంట్ నుంచి వచ్చిన పేరది. ఆ ఖర్చు కిందనే 1853లో బీరార్‌ను ఇంగ్లీషోళ్లకు అప్పజెప్పిండు నిజాం. 1942 నాటికి అందులో ఉన్నది ఎక్కువగా అహీర్లు, జాట్లు, కుమావోనీల లాంటి ఉత్తరాది రైతుబిడ్డలు. 1945 అక్టోబర్‌లో దానికి కుమావోన్ రెజిమెంట్ అని పేరు మారింది.

తెల్లారుజామున మూడున్నర ప్రాంతం, వెన్నెల ఉంది. మేజర్ షిమడా కింద దాదాపు 30 ట్యాంకులు, చి-హాలూ హా-గోలూ, ఒకదాని వెనుక ఒకటి రోడ్డెంబడి వచ్చినయ్. మలయా అడవిలో ట్యాంకులు నడవవని బ్రిటిష్ వాళ్ల ధీమా. కానీ ట్యాంకులు వచ్చింది అడవిలోంచి కాదు, తారు రోడ్డు మీదనే. హైదరాబాద్ దళం చెదిరిపోయింది. వెనకున్న పంజాబ్ దళం మందుపాతరలతో కాసేపు ఆపింది. అప్పుడు జపాన్ వాళ్లకు పాత రోడ్డు వంపులు కనబడ్డయ్. కొత్తగా రోడ్డును సాపుగా వేసినప్పుడు రబ్బరు తోటల్లో వదిలేసిన ముక్కలవి. వాటికి ఎవరూ అడ్డం పెట్టలే. వాటిల్లోంచి తిరిగి మళ్లీ మెయిన్ రోడ్డెక్కి ముందుకు పోయినయ్. ఇంకా వెనక, రోడ్డుమీద వరుసగా నడుచుకుంట పోతున్న గూర్ఖా దళం మీదికి వీపు దిక్కు నుంచి వచ్చి పడ్డయ్.

పొద్దెక్కేసరికి దాదాపు 30 కిలోమీటర్లు దాటి స్లిమ్ నది బ్రిడ్జి చేరినయ్. బ్రిడ్జికి పేల్చే మందు కట్టి పెట్టి ఉంది కానీ పేలలే. వటనబె అనే కుర్ర అధికారి దిగి కత్తితో వైర్లు కోసేసిండని చెప్తరు. ఆఖరికి ముందున్న ట్యాంకును ఒక హోవిట్జర్ ఎదురుగా కొట్టి ఆపింది. అప్పటికే రెండు బ్రిగేడ్లు నాశనమైనయ్, మూడు వేలకు పైగా సైనికులు ఖైదీలయిన్రు. నాలుగు రోజులకు కౌలాలంపూర్ పోయింది, ఫిబ్రవరి 15న సింగపూర్ పోయింది.

12 మిల్లీమీటర్ల రేకు డబ్బాతో ఇదెట్లా సాధ్యమైంది? గేమ్ అలవాటైనోళ్లకు ఇదే అర్థం కాదు. గేమ్‌లో ప్రతి ట్యాంకుకు ఒక రేటింగ్ ఉంటది, దానికి దగ్గరి రేటింగ్ ఉన్న శత్రువునే ఇస్తది. సమాన జోడీ లేకుంటే ఆట మొదలే కాదు. మలయా మొత్తంలో బ్రిటిష్ వాళ్ల దగ్గర ఒక్క ట్యాంకు కూడా లేకుండె. ఎదుటోడి చేతిలో రైఫిలే ఉంటే హా-గో కూడా కొండంత. ఇంకొకటి, గేమ్‌లో మన చూపు ట్యాంకు వెనుక గాలిలో ఉండి నాలుగు దిక్కులూ చూస్తది. నిజం హా-గో టరెట్‌లో ఒక్కడే మనిషి. ఆయనే చూడాలె, గుండు నింపాలె, గురి పెట్టాలె, పేల్చాలె, డ్రైవర్‌కు దారి చెప్పాలె. ఎదురుగా ట్యాంకు ఉన్న రోజున ఆ తక్కువదనం బయటపడ్డది. 1944 మార్చి 20న మణిపూర్ సరిహద్దులో తము దగ్గర, హా-గోలు దాక్కొని కొట్టినా, 3వ కారబినీర్స్ లీ ట్యాంకులు వాటిని తుక్కుచేసినయ్.

గేమ్ మ్యాప్‌లో ఊరుంటది, ఇండ్లుంటయ్, మనుషులుండరు. పేరాక్ రబ్బరు తోటల్లో మనుషులు ఉన్నరు. తమిళులతో పాటు కంగాణీల వెంట ఓడెక్కిన తెలుగు కూలీలు కూడా మలయా తోటల్లో ఉన్నరు. ఆ కొండల్లో సెమాయ్ ఆదివాసులున్నరు, అడవి వాళ్లది, యుద్ధం వాళ్లది కాదు. ట్యాంకులు దాటిపోయినంక వచ్చిన పాలనలో తోటకూలీలను సయాం-బర్మా రైలుమార్గానికి తోలుకపోయిన్రు. 415 కిలోమీటర్లు, 1943 అక్టోబర్‌లో పూర్తిచేసిన్రు. అక్కడ చచ్చిపోయిన ఆసియా కూలీలు 90 వేల దాకా ఉంటరని అంచనా. ఖైదీలైన తెల్ల సైనికుల మీద సినిమాలొచ్చినయ్. కూలీల్లో చాలామందికి సమాధి మీద పేరు కూడా లేదు.

మన దిక్కు రోడ్డుమీదికి ట్యాంకులొచ్చింది ఆరేండ్ల తర్వాత. 1948 సెప్టెంబర్ 13న విజయవాడ నుంచి బయలుదేరిన ఇండియా సైన్యంలో పూనా హార్స్ స్క్వాడ్రన్ ఉంది. పొద్దున కోదాడ, మధ్యాహ్నానికి మునగాల, మర్నాడు సూర్యాపేట. నిజాం సైన్యానికి హంబర్, స్టాగ్‌హౌండ్ సాయుధ కార్లే ఉండె. వెనక్కి పోతూ పోతూ వాళ్లు మూసీ బ్రిడ్జిని పేల్చిన్రు. స్లిమ్ రివర్‌లో పేలనిది ఇక్కడ పేలింది. కానీ దాన్ని బాగుచేసేటోళ్ల మీద కాల్పులు జరపడానికి అవతలి ఒడ్డున ఎవర్నీ పెట్టలే. బ్రిడ్జిని తొందరగానే సరిచేసుకొని దాటిన్రు. 17న నిజాం లొంగిపోయిండు.

హా-గో, చి-హాలను కళ్లతో చూడాలనుకునేటోళ్లకు మహారాష్ట్రలో అహిల్యానగర్ (పాత పేరు అహ్మద్‌నగర్) కావల్రీ ట్యాంక్ మ్యూజియంలో రెండూ ఉన్నయ్. పక్కన నిలబడి చూస్తే ఎంత చిన్నగుంటయో తెలుస్తది.