తెరమీది బొమ్మపాట పెండ్లిపందిటి పాట యైన విధము

తెలుగువారికి బొమ్మలాటతో గల సంబంధము మిక్కిలి ప్రాచీనమైనది. 13వ శతాబ్దికి చెందిన పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రమునందు బొమ్మలాటలను పేర్కొనియున్నాడు. తోలుబొమ్మలాటలో పలుచని తెల్లని తెర, దాని వెనుక దీపము, ఆ రెంటి నడుమ రంగులద్దిన తోలుబొమ్మలు ఉండును. బొమ్మల నాడించువారే రంగనాథ రామాయణములోని ద్విపదలను తాళము వేయుచు పాడుదురు. పాడునది మనిషియే యైనను, తెర యెదుట కూర్చున్నవారికి హనుమంతుడే పాడుచున్నట్లు తోచును. కన్ను బొమ్మను చూచును, చెవి పాటను వినును, మనస్సు ఆ రెంటిని ఒక్కటిగా చేసికొనును. నేడు యానిమేషన్ అని మనము పిలుచుచున్న చలనచిత్ర విద్యకు గూడ మూలసూత్ర మిదియే.

మన వెంబకోట్టై మన్ను సైతము బొమ్మలను ఎరిగిన మన్నే. వైప్పారు చెంత 2022వ సంవత్సరము మొదలు జరిగిన త్రవ్వకములలో శంఖపు గాజులతో పాటు కాల్చిన మట్టిబొమ్మలు, ఆటబిళ్ళలు బయల్పడినవి. అవి మన పూర్వులు ఈ నల్లరేగడి నేలకు వచ్చుటకు చాల ముందటివి. విజయనగర కాలమునను, మధుర నాయకుల కాలమునను తెలుగు కుటుంబములు అనేకములు దక్షిణమునకు తరలివచ్చి కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగరము ప్రాంతముల స్థిరపడినవి. ఆ వలసకథనే ఇడైసెవల్ గ్రామమున పుట్టిన కి. రాజనారాయణన్ తమిళమున గోపల్ల గ్రామము అను నవలగా 1976లో వెలయించెను. అట్లు వచ్చినవారు తెచ్చుకొన్న సొత్తులలో పాట యొకటి. ఆ పాట ఈనాటి బొమ్మల చిత్రముల కాలములో ఏమగుచున్నదో తెలిసికొనవలెనన్న, బొమ్మపాట జనులపాటగా మారిన చరిత్రను కొంత పరిశీలింపవలెను.

మొదట పాటను బొమ్మ అప్పుగా తెచ్చుకొన్నది. అమెరికాలో మాక్స్ ఫ్లైషర్, డేవ్ ఫ్లైషర్ అను సోదరులు 1924లో పాటల బొమ్మచిత్రములను ప్రారంభించిరి. తెరమీద పాట మాటలు కనబడుచుండగా, ఒక చిన్న బంతి ఒక్కొక్క మాటపై గంతులు వేయుచు పోవును. దానిని చూచుచు ప్రేక్షకులందరు గొంతు కలిపి పాడుదురు. అవి యన్నియు అంతకు ముందే జనులకు వచ్చిన పాటలే. 1928 నవంబరులో వాల్ట్ డిస్నీ విడుదల చేసిన స్టీమ్‌బోట్ విల్లీ అను చిన్న చిత్రమున మిక్కీ అను ఎలుక, ఆవు పండ్లనే వాద్యముగా చేసికొని వాయించినది కూడ పాత జానపద బాణీయే. వార్నర్ సోదరుల సంస్థ 1929లో సంగీత ప్రచురణ సంస్థలను కొనివేసి, 1930, 1931 సంవత్సరములలో రెండు కార్టూను వరుసలను ఆరంభించినది. తాము కొన్న పాటలను జనులలో వ్యాపింపజేయుటయే వాటి ముఖ్యోద్దేశము. అనగా ఆనాడు బొమ్మ, పాటకు ప్రచారకునిగా పనిచేసినది.

1933 మే నెలలో ఈ వరుస తలక్రిందులైనది. మూడు పందిపిల్లల కథను డిస్నీ సంస్థ చిన్న చిత్రముగా తీయగా, తోడేలును ఎదిరించుచు ఆ పందిపిల్లలు పాడు పాటకు ఫ్రాంక్ చర్చిల్ బాణీ కట్టెను. అవి అమెరికాలో కూటికి పనికి కరవైన ఆర్థిక మాంద్యపు రోజులు. దరిద్రమునే తోడేలుగా భావించుకొని జనులు ఆ పాటను వీధులలో పాడుకొనిరి. ఇక్కడ బొమ్మ పుట్టించిన పాటను లోకము తీసికొన్నది. 1937 డిసెంబరు 21న హిమసుందరి కథాచిత్రము తొలిసారి ప్రదర్శింపబడెను. మరుసటి నెలలో, అనగా 1938 జనవరిలో, ఆ చిత్రపు పాటలు గ్రామఫోను రికార్డుల సంపుటిగా వెలువడినవి. ఒక చలనచిత్రపు శబ్దమును ఉన్నదున్నట్లుగా రికార్డులపై అమ్మకమునకు పెట్టుట అదియే మొదలు. 1940లో వచ్చిన పినోకియో చిత్రమున కీచురాయి పాడిన పాట ఆ సంవత్సరపు ఉత్తమ గీతముగా అకాడమీ బహుమతిని పొందినది. ఈ మూడు మెట్లను చూచినచో ఒక సంగతి స్పష్టమగును: బొమ్మపాట జనులపాట కావలెనన్న, చిత్రమును విడిచి తాను వేరుగా ప్రయాణము చేయుటకు వాహనము కావలెను. ఆనాడు ఆ వాహనములు అచ్చుకాగితము, గ్రామఫోను, రేడియో.

ఇక మన యింటి సంగతికి వత్తము. తెలుగున సంపూర్ణ యానిమేషన్ చిత్రములు రాకముందే, వస్తువులు తమంత తాము కదలు మాయను చూపి, దానికి చిరస్థాయియైన పాటను జోడించిన చిత్రము మాయాబజార్. విజయా సంస్థ నిర్మింపగా కె. వి. రెడ్డి దర్శకత్వము వహించిన ఈ చిత్రము తెలుగున 1957 మార్చి 27నను, తమిళమున ఏప్రిల్ 12నను విడుదల యైనది. మార్కస్ బార్ట్లే ఛాయాగ్రాహకుడు. ఘటోత్కచుడు పెండ్లివారి వంటకములను ఆరగించు ఘట్టమున లడ్డూలు తామే ఎగిరి ఆయన నోటిలోనికి పోవును. జీవము లేని వస్తువునకు చలనము కల్పించుటయే యానిమేషన్ అనుకొన్నచో, ఈ ఘట్టమును ఆ విద్యకు దగ్గరి చుట్టముగా చెప్పుకొనవచ్చును. పాటకు పింగళి నాగేంద్రరావు మాటలు కూర్చగా మాధవపెద్ది సత్యము పాడెను. చిత్రమునకు తొలుత సాలూరు రాజేశ్వరరావు కొన్ని బాణీలు కట్టగా, మిగిలిన సంగీతమును ఘంటసాల పూర్తి చేసెను. తమిళమున తంజై రామయ్యదాసు రచింపగా తిరుచ్చి లోకనాథన్ పాడెను. తెరపై ఉభయ భాషలలోను ఘటోత్కచుడు ఎస్. వి. రంగారావే.

వివాహ భోజనంబు అను ఆ పాట బాణీకి గల వంశవృక్షము మరింత విచిత్రమైనది. దానికి ముందే సురభి నాటక సమాజమువారి రంగస్థలమునను, బి. నాగరాజకుమారి హరికథా రికార్డునను అట్టి పాట వినబడినదని చలనచిత్ర చరిత్రకారులు చెప్పుదురు. దానికి ప్రేరణ ఇంగ్లండులో చార్లెస్ పెన్‌రోజ్ 1922లో రికార్డు చేసిన నవ్వుల పోలీసు పాట యనియు వారే చెప్పుదురు. ఆ పెన్‌రోజ్ పాట బాణీకి మూలము జార్జి డబ్ల్యు. జాన్సన్ 1890 ప్రాంతములలో ఫోనోగ్రాఫుపై పాడిన నవ్వుల పాట. జాన్సన్ అమెరికాలో బానిసత్వమున పుట్టిన నల్లజాతి గాయకుడు. రికార్డుల ద్వారా ప్రసిద్ధి పొందిన ఆ జాతివారిలో ప్రథముడు. తాళమునకు తగినట్లు నవ్వుట ఆయన ప్రత్యేకత. ఆ నవ్వే సముద్రములు దాటి, చేతులు మారి, చివరకు మన ఘటోత్కచుని గొంతున అట్టహాసమై నిలిచినది. జనులపాటకు కులము, దేశము ఎట్లు అడ్డురావో దీనిని బట్టి గ్రహింపవచ్చును.

ఈ పాట మన ప్రాంతమునకు చేరిన కాలము కూడ గమనింపదగినది. 1952లో కేంద్ర సమాచార మంత్రియైన బి. వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలను కట్టడి చేయగా, శ్రోతలు సిలోను రేడియోవైపు తిరిగిరి. దక్షిణ తమిళనాడునకు సిలోను ఎంత సమీపమో చెప్పనక్కరలేదు. మాయాబజార్ విడుదలయైన 1957లోనే అక్టోబరు 3న ఆకాశవాణి వివిధభారతిని ప్రారంభించి, సినిమా పాటకు మరల తలుపు తెరచినది. తరువాత పెండ్లిపందిళ్ళలో మైకుసెట్లు వచ్చినవి. భోజనములు వడ్డించు వేళ తమిళ పాటను మైకుసెట్టువారు పెట్టుట తమిళనాడంతటను ఆచారమువలె నైనది. ఒక పాటకు సందర్భము దొరకుట యనగా ఇదియే. సినిమాను చూడని పిల్లవానికి గూడ ఆ పాట వినబడినచో ఆకు వేసిరని తెలియును.

దూరదర్శన్ వచ్చిన పిమ్మట బొమ్మపాటకు మరియొక ద్వారము తెరచుకొన్నది. 1974లో ఫిలిమ్స్ డివిజన్ సంస్థకై విజయా మూలే దర్శకత్వమున వెలువడిన ఏక్ అనేక్ ఔర్ ఏకతా అను చిన్న బొమ్మచిత్రము, వలలో చిక్కిన పిట్టలు కలిసి యెగిరిన కథను పాటగా చెప్పి, హిందీ రాని యిండ్లలో గూడ వినబడినది. 1989లో ఏ.వి.యం. సంస్థవారి రాజా చిన్న రోజా అను తమిళ చిత్రమున రజనీకాంతు, పిల్లలు, బొమ్మజంతువులు ఒకే తెరపై ఆడి పాడిరి. ఆ బొమ్మలను సిద్ధము చేసినవారు రామ్‌మోహన్, సంగీతము చంద్రబోసు. 1993లో జపానువారి మోగ్లీ బొమ్మకథ హిందీలో ప్రసారము కాగా, గుల్జార్ వ్రాసి విశాల్ భరద్వాజ్ స్వరపరచిన దాని ముఖగీతము దేశమంతట పిల్లల నోట నిలిచినది. అదే కాలమున క్యాసెట్టు చౌకయై ఊరూర పాటల అంగళ్ళు వెలసినవి.

పాశ్చాత్య దేశములలో బొమ్మపాట అప్పటికి వ్యాపార సంగీతమున అగ్రస్థానమునకు ఎక్కినది. హోవర్డ్ ఆష్‌మన్, అలన్ మెన్కెన్ అనువారు 1989 మొదలు రంగస్థల సంగీత నాటకపు పద్ధతిని బొమ్మచిత్రములకు తెచ్చిరి. పాత్ర తన కోరికను పాటలో చెప్పుకొనును. కథ ఆ పాటతోనే ముందుకు నడచును. చిత్రము చివర అదే పాటను ప్రసిద్ధ గాయకులచే రేడియోకు తగినట్లు మరల పాడించిరి. అల్లావుద్దీను చిత్రములోని యుగళగీతము అట్లు పాడబడి 1993లో అమెరికా పాటల పట్టికలో ప్రథమస్థానము పొందినది. 2013లో ఫ్రోజెన్, 2021లో ఎన్‌కాంటో, 2025లో కొరియా గాయనీమణుల కథయైన కేపాప్ డీమన్ హంటర్స్ ఈ ధోరణినే కొనసాగించినవి. తెలుగువారును వెనుకబడలేదు. 2006లో కిట్టు అను తెలుగు బొమ్మచిత్రము జాతీయ బహుమతి నందినది. మాయాబజార్‌కు కె. వి. రెడ్డి వద్ద సహాయకుడుగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 2008లో ఘటోత్కచుని కథను సంపూర్ణ బొమ్మచిత్రముగా తీసెను. 1957లో మనిషి ధరించిన వేషమే, అర్ధశతాబ్ది గడచిన పిమ్మట, ఆ బడిలోని శిష్యుని చేతిలో బొమ్మయైనది.

ఈ చరిత్రలో చేదు భాగమును గూడ చెప్పుట న్యాయము. దక్షిణాఫ్రికాలో సాలమన్ లిండా అను జులూ గాయకుడు 1939లో ఎంబూబే అను పాటను రికార్డు చేసెను. దానిపై హక్కు ఆయనకు దక్కలేదు. ఆ బాణీయే 1961లో అమెరికాలో వేరు మాటలతో ప్రఖ్యాతమైనది. లిండా 1962లో పేదరికమున మరణించెను. 1994లో సింహరాజు బొమ్మచిత్రమున ఆ పాట మరల వినబడి కోట్ల మంది నోళ్ళలో నానినది. ఆయన కుమార్తెలు 2004లో న్యాయస్థానము నాశ్రయింపగా 2006లో రాజీ కుదిరి వారికి భాగము లభించినది. చిన్న సమాజముల పాటలను పెద్ద తెర తీసికొనునప్పుడు పాట బ్రతుకును. పాడినవాని పేరు మరుగున పడును. మనవంటి అల్పసంఖ్యాకులు మరవరాని పాఠమిది.

మన పిల్లల సంగతి యేమి? వారు తమిళమున చదువుదురు, తమిళమున ఆడుకొందురు. అది సహజము, ఈ నేల భాష అదియే, మనకు అన్నము పెట్టిన భాషయు అదియే. 2006 నాటి చట్టము వలన తమిళ పఠనము పాఠశాలలలో నిర్బంధమైనది. తెలుగు లిపి నెరిగిన పిల్లలు మన యిండ్లలో నానాటికి తగ్గుచున్నారు. లిపి పోయిన యింట భాషకు మిగులు ఆశ్రయములు రెండు: అవ్వ మాట, పాట. నేడు సింహరాజు, ఫ్రోజెన్ వంటి బొమ్మచిత్రములు తమిళమునను తెలుగునను వెలువడుచున్నవి. 2019లో వచ్చిన సింహరాజు నూతన చిత్రమున తెలుగు సింబాకు గొంతు నిచ్చినవాడు నటుడు నాని. సెల్‌ఫోనులో భాషను మార్చుట ఒక్క వ్రేలి పని. ఆ వ్రేలు ఎవరిదన్నదే ప్రశ్న.

ఐనను భాషను మార్చినంత మాత్రమున పని తీరదు. ఇంతవరకు చూచిన చరిత్ర బోధించునది యేమనగా, పాట నిలుచుటకు వాహనము చాలదు, సందర్భము కావలెను. తోడేలు పాటకు కరవు సందర్భమైనది. ఘటోత్కచుని పాటకు పెండ్లివిందు సందర్భమైనది. మన పెండ్లిపందిళ్ళలో ఆ పాటను తమిళమున ఒకసారి పెట్టినవారు, రెండవ బంతికి తెలుగున పెట్టినచో నష్టపోవునది యేమియు లేదు. బాణీ యొక్కటే గనుక తమిళ బంధుమిత్రులకు కొత్తగా ఉండదు. పిల్లలకు మాత్రము గారెలు, పులిహోర, అరిసెలు మొదలగు మాటలు ఆ భోజనపు వేళనే చెవిలో పడును. పిల్లవాడు ఆ మాటకు అర్థ మడిగిననాడు, ఆకుమీది పదార్థమును చూపి చెప్పగల అవ్వ ప్రక్కనే కూర్చుని యుండును. ఆమె ఉండగానే ఈ పని జరుగవలెను.