అస్తరు కింది సాక్ష్యం: పాత కార్ల సీట్ల ప్రామాణికతా నిర్ణయం - హైదరాబాదు నేపథ్యం

వ్యాససంగ్రహం:
పాత కారు విలువ కట్టేటప్పుడు ఇంజను, ఛాసిస్ సంఖ్యలకు దక్కే శ్రద్ధ సీటుకు దక్కదు. మనిషి శరీరం నిత్యం తాకే భాగం గనుక కారులో అందరికంటే ముందు మారిపోయేది సీటే. దాని పైకప్పు అసలుదో కాదో తేల్చడానికి పాఠపరిష్కరణ పద్ధతి ఎలా ఉపకరిస్తుందో, హైదరాబాదులో జరిగిన మరమ్మతులను ప్రక్షిప్తాలుగా తోసివేయడం ఎందుకు తగదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సీటు, అస్తరు, రెగ్జిన్, ప్రామాణికత, పాఠపరిష్కరణ, పంజాగుట్ట, అమీర్‌పేట.

1. ఉపోద్ఘాతం

పంజాగుట్ట నుంచి అమీర్‌పేట వైపు సాగే దారిలోనూ, దాని పక్క సందుల్లోనూ కార్ల అలంకరణ సామగ్రి అమ్మే అంగళ్లున్నాయి. కొత్త కారుకు సీటు కవర్లు తొడిగించుకొనేవారే వాటికి ప్రధానమైన గిరాకీ. పాత కారు సీటును విప్పి తెచ్చిన యజమాని మాత్రం కుషన్ పనివానిని వేరొకటి కోరతాడు: అసలు ఎలా ఉండేదో అలాగే చేయాలని. ఆ 'అసలు' ఏదో తెలిసే ఆధారం సాధారణంగా ఆ సీటులోనే ఉంటుంది; పని మొదలైన గంటలోనే అది చెత్తబుట్ట చేరుతుంది. కంప్యూటరు పాఠాల జిరాక్సు ప్రతులు కట్టలుగా అమ్ముడుపోయే అమీర్‌పేటకు అసలు, నకలు అన్న మాటలు కొత్తవి కావు. అయితే కాగితం మీద నకలును పట్టుకున్నంత సులువుగా తోలు మీద పట్టుకోలేము.

'వింటేజ్' అన్న మాటను మనవారు పాత కారన్న అర్థంలోనే వాడుతున్నారు. 1934లో ఇంగ్లండులో ఏర్పడిన వింటేజ్ స్పోర్ట్స్-కార్ క్లబ్ లెక్కలో 1930 చివరినాటికి తయారైనవే వింటేజ్ కార్లు. ఈ వ్యాసంలో ఆ కాలపు బండ్లతోపాటు రెండవ ప్రపంచ యుద్ధానంతరపు స్పోర్ట్స్ కార్లు కూడా చర్చకు వస్తాయి. సీటు విషయంలో ఆ రెండు కాలాల మధ్య తేడాయే నిర్ణయానికి మొదటి ఆధారం.

2. అశ్వశాల నుంచి మోటారుకు

ఈ ప్రాంతపు చరిత్ర గుర్రాలతో ముడిపడినది. నిజాముల అశ్వదళాన్ని పోషించిన వంశం పైగా వంశం. అమీర్‌పేట తన పేరులోనే ఒక అమీరును నిలుపుకుంది. దానిని ఆనుకొని ఉన్న బేగంపేటలో పైగా భవనం నేటికీ ఉంది. పంజాగుట్ట పక్కన గుట్టమీద నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఎర్రమంజిల్ ఉంది. ఇలాంటి ప్రభువుల ఇళ్లలో ముందు గుర్రపు బగ్గీలు, తరువాత మోటార్లు నిలిచాయి.

బగ్గీ పోయి మోటారు వచ్చినప్పుడు ఇంజను కొత్తదే గాని సీటు కొత్తది కాదు. లండనులోని బార్కర్ సంస్థ 1710 నుంచి గుర్రపుబండ్లకు మేనులు కట్టింది. అదే సంస్థ రోల్స్ రాయిస్ కార్లకూ మేనులు కట్టింది. హైదరాబాదుకు సంబంధించి ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ తెప్పించుకోదలచిన సిల్వర్ ఘోస్ట్. ఆయన 1911 ఆగస్టులో మరణించగా, 1912 నాటి ఆ పసుపుపచ్చని కారు ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడిలో కొలువుకు వచ్చింది. వెనుక భాగంలో సింహాసనం వంటి ఎత్తైన ఆసనం ఉండడం వల్ల దానిని 'థ్రోన్ కారు' అంటారు. పునరుద్ధరణ తరువాత దానిని మూసీకి ఆవల చౌమహల్లా భవనంలో ప్రదర్శనకు ఉంచారు. అది స్పోర్ట్స్ కారు కాదు. అయినా ఆసనమే కారుకు పేరు తెచ్చిపెట్టిన సందర్భం మరొకటి దొరకడం అరుదు. ఆసనం అసలుదా అన్న ప్రశ్నకు అంతకంటె బరువైన ఉదాహరణ నగరంలో లేదు.

అప్పటి సీటు నిర్మాణం బగ్గీ సీటుదే. చెక్క చట్రం, ఇనుప స్ప్రింగులు, వాటిపై గోనెపట్ట, గోనెపట్టపై గుర్రపు వెంట్రుకల పొర, దానిపై దూది, ఆపైన తోలో వస్త్రమో. అంచులను చిన్న మేకులతో చెక్కకు బిగించేవారు. ఈ వరుసక్రమం తెలియనివారు పైతోలును ఎంత నిశితంగా చూసినా ప్రయోజనం లేదు.

3. సీటు ఒక ప్రతి

తెలుగు పరిశోధకులకు ఈ సమస్య స్వరూపం పరిచితమే. కర్త స్వహస్తంతో రాసిన ప్రతి దొరకదు; దొరికేవి నకళ్లకు నకళ్లు. సి.పి.బ్రౌన్ కడపలో పండితులను నియమించి పలు ప్రతులను పోల్చి పాఠాలు సిద్ధం చేయించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆంధ్ర మహాభారతానికి సంశోధిత ముద్రణ వెలువరించింది. ఆ పద్ధతిలో అందంగా ఉన్న పాఠానికి అందం కారణంగా ప్రాధాన్యం రాదు. లేఖకుడు సరిదిద్దాలని చూడని చోట, అంటే అతని దృష్టి పడని చోట పాత పాఠం నిలిచి ఉండే అవకాశం ఎక్కువ.

సీటులో అటువంటి చోట్లు అడుగుభాగం, మడతల లోపలి అంచు, పట్టాల కింద చట్రం. ఎండ, చెమట, దబ్బనం మూడూ తక్కువగా తాకేవి అవే. అందుచేత సీటును ముఖం నుంచి కాక అడుగు నుంచి చదవాలి. పుస్తకాలు, పత్రాలు, పాత ఫొటోలు వంటి బహిస్సాక్ష్యాలు తరువాతి మాట. తయారీదారు జాబితాలో ఏ రంగు తోలు ఉండేదో అవి చెప్పగలవు గాని, ఎదుట ఉన్న తోలు ఆ తోలేనని చెప్పలేవు.

4. అడుగు నుంచి పైకి

మొదటి సాక్షి చెక్క చట్రం. తోలును ఒకసారి బిగిస్తే ఒక వరుస మేకుల రంధ్రాలు పడతాయి. విప్పి మళ్లీ బిగిస్తే రెండవ వరుస పడుతుంది, ఎందుకంటే పాత రంధ్రంలో కొత్త మేకు నిలవదు. రంధ్రాల వరుసలను లెక్కిస్తే ఆ సీటు ఎన్నిసార్లు కప్పు మార్చుకుందో దాదాపుగా తెలుస్తుంది. కొన్ని రంధ్రాలలో పాత దారపు పోగులు, తోలు తునకలు చిక్కుకొని ఉంటాయి. మొదటి కప్పు రంగు తెలిసేది ఒక్కోసారి ఆ గోరంత తునక వల్లనే. మేకులకు బదులు స్టేపిల్ పిన్నులుంటే మొదటి కప్పు పోయినట్టే. మరల సంగతీ అంతే: నక్షత్రపు గాడి గల ఫిలిప్స్ మర 1930ల నడుమ అమెరికాలో కార్ల తయారీలోకి వచ్చింది. 1920ల నాటి సీటు చట్రానికి అది ఉంటే ఎవరో తరువాత విప్పారన్న మాట.

రెండవది నింపుడు పదార్థం. డన్‌లప్ సంస్థలో రబ్బరు పాలతో నురుగు మెత్త తయారు చేసే పద్ధతి 1929లో కనుగొన్నారు. పాలీయురథేన్‌ను జర్మనీలో ఓటో బేయర్ బృందం 1937లో కనుగొన్నా, దాని మెత్తని నురుగు వాణిజ్యస్థాయిలో వచ్చింది 1950లలోనే. నేడు ప్రతి కుషన్ అంగడిలోనూ కనిపించే ఈ పసుపుపచ్చని ఫోము 1930ల నాటి సీటులో ఉన్నదంటే వాదన అక్కడికి ముగుస్తుంది.

దారం ఇంకా నిక్కచ్చిగా మాట్లాడుతుంది. పాతకాలపు కుట్టు నార దారంతోనో నూలు దారంతోనో ఉంటుంది. నైలాన్‌ను డ్యూపాంట్ సంస్థలో కరొథర్స్ 1935లో సాధించాడు. పాలియెస్టరు దారానికి మూలమైన పదార్థాన్ని ఇంగ్లండులో 1941లో కనుగొన్నారు. బట్టలకూ దారాలకూ తెల్లదనం ఇచ్చే ప్రకాశక రసాయనాలు కూడా 1940ల నుంచే వ్యాపించాయి. అతినీలలోహిత కాంతినిచ్చే చిన్న టార్చి వేసి చూస్తే ఆ రసాయనమున్న దారం నీలితెలుపుగా మెరుస్తుంది. పాత నూలు మసకగానే ఉండిపోతుంది. జరీ విషయంలోనూ ఇదే తీరు. పట్టుపోగుపై చుట్టిన, బంగారు పూత గల వెండితీగె కాలక్రమేణా నల్లబడుతుంది. ప్లాస్టిక్ పొరపై లోహపు పూత పూసిన నేటి జరీ అలా నల్లబడదు. రాజాసనాల మీద జరీ తళతళలాడుతుంటే సంతోషించే ముందు సందేహించాలి.

తోలును దాని కోత అంచులో చూడాలి. చెట్టుచెక్క కషాయంతో పదును చేసిన తోలు లోపలిదాకా గోధుమరంగులో ఉంటుంది. క్రోమియం లవణాలతో పదును చేసినది మధ్యలో నీలిబూడిద రంగులో ఉంటుంది. తెలుగునేల మీద తంగేడు చెక్కతో తోళ్లు పదును చేసిన రోజులున్నాయి; మద్రాసు రేవు నుంచి ఆ తోళ్లు ఇంగ్లండుకు ఎగుమతి అయ్యేవి. క్రోము పద్ధతికి అమెరికాలో 1884లోనే పేటెంటు వచ్చినందున, ఒక్క క్రోము తోలును చూపి సీటు కొత్తదనలేము. కషాయపు తోలు మాత్రం కాలుష్యపు గాలికి క్షీణించి ఎర్రని పొడిగా రాలుతుంది. అది నటించలేని వార్ధక్యం. పైన రాపిడిచేసి, రంగు తుడిచి పాతదనం తెచ్చిపెట్టిన తోలులో ముడతల లోపల రంగు కొత్తగా ఉంటుంది. నిజంగా పాతబడినదానిలో ముడతల లోయలోనే పగుళ్లు మొదలవుతాయి.

5. తోలు ఎక్కువైతే అనుమానం

స్పోర్ట్స్ కార్ల సీట్లలో చాలామంది బోల్తాపడేది ఇక్కడే. పూర్తిగా తోలు కప్పిన సీటును చూడగానే అసలుదని నమ్ముతారు. 1945-49 మధ్య తయారైన ఎం.జి. టి.సి. సీట్లలో మనిషి ఆనుకొనే భాగానికి మాత్రమే తోలు. పక్కలకూ వెనుకకూ తోలును పోలిన పూతబట్ట. 1961లో వచ్చిన జాగ్వార్ ఇ-టైపులోనూ ముఖభాగం తోలు, ఒంటికి తగలని భాగాలు వినైల్. పోర్షె 356 తరువాతి నమూనాలలో కృత్రిమ తోలే సాధారణం, అసలు తోలు అదనపు ధరకు. అంటే పునరుద్ధరణలో సీటంతా నాణ్యమైన తోలు కప్పినవారు సీటును మెరుగుపరచి ఉండవచ్చు గాని దాని ప్రామాణికతను పోగొట్టారు. లేఖకుడు వ్యాకరణం సరిచేసి కవి ప్రయోగాన్ని చెరిపివేసినట్టే ఇది.

తోలు ఎక్కడిదన్నది మరో తిరకాసు. 1878లో మొదలైన లండను కొనొలీ సంస్థ రోల్స్ రాయిస్‌కూ జాగ్వార్‌కూ తోలు సరఫరా చేసింది. దాని పాత తోలు కర్మాగారం 2002లో మూతపడింది. ఆ పేరు చెప్పి అమ్మే తోలన్నీ ఒకే కాలానివి కావని దీనివల్ల గ్రహించాలి.

6. మాట నిలిచి వస్తువు మారిన తీరు

'రెగ్జిన్' అన్న పదం భాషాధ్యయనం చేసేవారి దృష్టిని ఆకర్షించదగినది. ఇది మొదట ఇంగ్లండులో మాంచెస్టరు సమీపాన హైడ్ పట్టణంలో తయారైన ఒకే ఒక సరుకు వ్యాపారనామం. నూలుబట్టపై సెల్యులోజ్ నైట్రేటు, కర్పూరతైలం వంటివి కలిపి పూసి, తోలు ముద్ర వేసేవారు. తెలుగులో అర్థవ్యాకోచం చెంది అది తోలుకాని తోలన్నింటికీ పేరైంది. బస్సు సీటు, బడి సంచి, మంచం పరుపు కప్పు అన్నీ రెగ్జినే. నేడు ఆ పేరుతో అమ్మేది పీవీసీ పూతబట్ట.

కాబట్టి యాభయ్యేళ్ల కిందటి రసీదులో 'రెగ్జిన్ కవరు' అని ఉంటే, మాటను బట్టి కాలనిర్ణయం చేయడం ప్రమాదకరం. పాత నైట్రేటు పూత గట్టిపడి పెళుసుగా పగిలి, అడుగున నూలు నేత బయటపడుతుంది. పీవీసీ తొలుత జిడ్డుగా మారి తరువాత బిరుసెక్కుతుంది. రెండింటినీ నిప్పంటించి పరీక్షించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. నైట్రేటు పూత భగ్గున మండే గుణం కలది గనుక ఆ పరీక్షను మానుకోవాలి.

7. స్థానిక మరమ్మతు: ప్రక్షిప్తమా, పాఠాంతరమా?

ఇంగ్లండులో తయారై హైదరాబాదులో దశాబ్దాలు తిరిగిన కారు సీటు విప్పితే గుర్రపు వెంట్రుకల పక్కన కొబ్బరిపీచు, అక్కడక్కడ దూది, పాత పరుపుబట్ట అస్తరు కనిపించవచ్చు. కర్మాగారపు స్థితినే ప్రమాణంగా తీసుకొనేవారికి అవన్నీ మలినాలు. ఈ దృష్టి చరిత్రకు నష్టకరం. ఆ సీటును ఇక్కడి దర్జీ, ఇక్కడి దూదేకులవాడు దొరికిన సరుకుతో ఎలా నిలబెట్టారో చెప్పే లిఖిత పత్రం దాదాపుగా లేదు. ఉన్నది ఆ అస్తరే. ప్రక్షిప్తమని తేలిన పద్యాన్ని కూడా పరిష్కర్త అధస్సూచిలో ఉంచుతాడు, కాల్చివేయడు. అయితే దీనిని సాకుగా తీసుకొని నిరుడు వేసిన ఫోమును కూడా చారిత్రకమనడం పొసగదు. రెండింటికీ తేడా కాలనిర్ణయంలో ఉంది.

పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య వారి టురిన్ ప్రకటన 2013లో వెలువడింది. 1964 నాటి వెనిస్ ప్రకటనను అనుసరించిన ఈ పత్రం పునరుద్ధరణకంటె పరిరక్షణకు ముందు స్థానమిచ్చి, కొత్తగా చేర్చిన భాగాలు గుర్తుపట్టగలిగేలా ఉండాలంటుంది. మన కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన నియమాలు యాభయ్యేళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనాలను 'వింటేజ్' వాహనాలుగా నమోదు చేసి, సంఖ్యాఫలకంపై 'వీఏ' అక్షరాలు ఇస్తాయి. గణనీయమైన మార్పులు ఉండరాదని ఆ నియమం పేరెత్తి చెప్పినవి ఛాసిస్, బాడీ షెల్, ఇంజను. సీటు ప్రస్తావన లేదు. ఎర్రమంజిల్‌ను కూల్చి శాసనసభ భవనం కట్టాలన్న ప్రతిపాదనను 2019 సెప్టెంబరులో హైకోర్టు తోసిపుచ్చినప్పుడు, కట్టడం వారసత్వ సంపద అన్న వాదన నియమాల బలంతోనే నిలిచింది. అదే గుట్ట దిగువన, ఏదో ఒక అంగడిలో విప్పిన సీటుకు అటువంటి బలం లేదు. దానికి రక్షణ ఏదైనా ఉంటే యజమాని, కుషన్ మేస్త్రీ మధ్య మాటలోనే ఉండాలి: విప్పేముందు ఫొటో తీయడం, పాత కప్పునుంచి జానెడు ముక్క, నాలుగు మేకులు, దారపు పోగు ఒక కవరులో దాచడం.

దాచవలసిన వాటిలో అంగడి చీటీ కూడా ఉంది. సీటు అడుగున ఒక్కోసారి మరమ్మతు చేసిన అంగడి పేరు గల గుడ్డముక్క కుట్టి ఉంటుంది. అందులో 'హైదరాబాదు దక్కను' అని ఉంటే పాత రాజ్యపు వాడుక నిలిచి ఉన్న కాలానికి చెందినదని ఊహించవచ్చు. 'ఆంధ్రప్రదేశ్' అని ఉంటే 1956 నవంబరుకు ముందుది కాజాలదు. ఆరంకెల పిన్‌కోడు దేశంలో 1972 ఆగస్టు 15న మొదలైంది. 'హైదరాబాదు-16' అన్న పొట్టి రూపం దానికి ముందూ ఉంది, తరువాత కూడా చాలాకాలం వాడుకలో నిలిచింది గనుక దానిపై ఆధారపడలేము. '500016' అని పూర్తిగా ఉంటే మాత్రం 1972 తరువాతిదే. ఫోన్ నంబరులోని అంకెలు ఆరు, ఏడు, ఎనిమిదిగా పెరిగిన క్రమమూ ఇందుకు తోడ్పడుతుంది. చీటీని కుట్టిన దారం, సీటును కుట్టిన దారం ఒకటేనా అన్నది ముందుగా చూడవలసిన విషయం. వేరైతే ఆ చీటీ మరో సీటునుంచి వచ్చి ఉండవచ్చు.