అక్షరం లావైతే హెడింగ్ కాదు.. సర్కారు పేజీలు అందరికీ ‘వినిపించాలంటే’?

పింఛను నిబంధనల పేజీ తెరిచారు. ‘అర్హతలు’, ‘కావాల్సిన పత్రాలు’, ‘చివరి తేదీ’ లావు అక్షరాల్లో ఉన్నాయి. మీరు కంటితో చూసి కావాల్సిన చోటికి వెళ్లిపోతారు. మరి చూపు లేనివారి సంగతేంటి? వారికి ఫోనే పేజీని చదివి వినిపించాలి. ఆ స్క్రీన్ రీడర్‌కు అక్షరం లావు కాదు, దాని వెనకున్న గుర్తు ముఖ్యం.

ఏమిటీ గుర్తు?

వెబ్ పేజీలను హెచ్‌టీఎంఎల్‌లో రాస్తారు. అందులో ‘ఇది బోల్డ్’ అని చెప్పే ట్యాగ్ వేరు, ‘ఇది హెడింగ్’ అని చెప్పే ట్యాగ్ వేరు. మొదటిది రూపం, రెండోది అర్థం. సాఫ్ట్‌వేర్ మాన్యువళ్లు రాసే టెక్సిన్ఫోలోనూ ఇదే పద్ధతి. ఫైల్ పేరుకు ఒక కమాండ్, టైప్ చేయాల్సిన మాటకు మరో కమాండ్.

లేకపోతే నష్టమేంటి?

* హెడింగ్: ట్యాగ్ ఉంటే కంప్యూటర్లో ఎన్‌వీడీఏ వాడేవారు ‘హెచ్’ కీ నొక్కి నేరుగా తర్వాతి హెడింగ్‌కు వెళ్తారు. లేకుంటే ‘చివరి తేదీ’ కోసం పేజీ మొత్తం వినాల్సిందే.
* పట్టిక: కాలమ్ పేర్లకు గుర్తు లేకపోతే అంకెలే వినిపిస్తాయి. అది ఫీజో, వయోపరిమితో తెలియదు.
* భాష: తెలుగు అని గుర్తు పెట్టకపోతే ఇంగ్లిష్ గొంతుతో చదివే అవకాశం ఉంది.
* స్కాన్ చేసిన పీడీఎఫ్: అది ఫొటో మాత్రమే. అందులో చదవడానికి అక్షరాలే ఉండవు.

చట్టం ఏమంటోంది?

దివ్యాంగుల హక్కుల చట్టం-2016లోని సెక్షన్ 42 ప్రకారం ఎలక్ట్రానిక్ సమాచారం వారికి అందుబాటులో ఉండేలా ప్రభుత్వం చూడాలి. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మీరేం చేయొచ్చు?

ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో ‘యాక్సెసిబిలిటీ’కి వెళ్లి టాక్‌బ్యాక్ ఆన్ చేసి ఆ పేజీని వినండి. అప్పుడు ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తాకితే తెరుచుకుంటుంది. ఇబ్బంది కనిపిస్తే సైట్‌లోని ‘ఫీడ్‌బ్యాక్’లో పేజీ లింకుతో రాయండి. స్పందన లేకుంటే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

మీరే అసోసియేషన్ నోటీసో, ఆఫీసు సర్క్యులరో తయారు చేస్తున్నారా? వర్డ్‌లో అక్షరాలు లావు చేసి వదిలేయకండి. ‘స్టైల్స్’లోకి వెళ్లి ‘హెడింగ్ 1’ ఎంచుకోండి. పట్టేది ఒక్క క్లిక్కే.