క్లబ్బు గేటు దగ్గర ఆగిన చట్టం

ఏప్రిల్‌లో చెర్రీ పూలు చూడ్డానికి న్యూఆర్క్‌లోని బ్రాంచ్ బ్రూక్ పార్కుకు మన తెలుగు కుటుంబాలు బాగానే వస్తాయి. అక్కడి టెన్నిస్ కోర్టుల దగ్గరున్న కంచు విగ్రహాన్ని పట్టించుకునేవాళ్లు మాత్రం తక్కువ. అది నల్లజాతి టెన్నిస్ ఛాంపియన్ అల్థియా గిబ్సన్‌ది. అమెరికాలో వర్ణవివక్ష ఎక్కడ సడలిందో, ఎక్కడ బిగుసుకు కూర్చుందో తెలియాలంటే ఆవిడ ఆడిన రెండు ఆటల, టెన్నిస్, గోల్ఫ్‌ల, కథ వింటే చాలు.

1927లో సౌత్ కరోలైనాలో పత్తి పండించే పాలికాపుల ఇంట పుట్టింది. పెరిగింది న్యూయార్క్‌లోని హార్లెంలో. అప్పట్లో నల్లవాళ్ల టెన్నిస్‌కు వేరే సంఘం, వేరే పోటీలు. మన టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఎరిగినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ పోటీల్లో 1947 నుంచి పదేళ్లు వరసగా ఆవిడదే టైటిల్. అయినా జాతీయ ఛాంపియన్‌షిప్‌కు మొదట్లో పిలుపు రాలేదు. 1950లో మాజీ ఛాంపియన్ ఆలిస్ మార్బుల్ అనే తెల్లావిడ, టెన్నిస్ పత్రికలో తనవాళ్లనే కడిగేస్తూ రాశాకే తలుపు తెరుచుకుంది.

ఆ ఏడాది జాతీయ ఛాంపియన్‌షిప్ జరిగిన ఫారెస్ట్ హిల్స్‌లో రెండో రౌండు. ఎదుట వింబుల్డన్ విజేత లూయీస్ బ్రఫ్. తొలి సెట్ 1-6తో పోయింది, రెండోది 6-3తో గెలిచింది, మూడోదాంట్లో 7-6తో ముందుంది. టైబ్రేకర్లు లేని రోజులు. ఇంకొక్క గేము చాలు. సరిగ్గా అప్పుడే గాలివాన. పిడుగు పడి స్టేడియం మీది రాతిగద్ద ఒకటి కూలింది. మర్నాడు మళ్లీ మొదలెడితే కాసేపట్లోనే 9-7తో ఓడిపోయింది.

1956లో ఫ్రెంచ్ టైటిల్. 1957, 1958లలో వరసగా వింబుల్డన్, అమెరికా టైటిళ్లు. ఎలిజబెత్ రాణి చేతుల మీదుగా ట్రోఫీ, న్యూయార్క్‌లో ఊరేగింపు. డబ్బు మాత్రం లేదు. అమెచ్యూర్ టెన్నిస్‌లో ప్రైజ్ మనీ ఉండేది కాదు మరి! పాటల రికార్డు తెచ్చింది, సినిమాలో నటించింది, బాస్కెట్‌బాల్ బృందం వెంట ఊరూరా ప్రదర్శన మ్యాచ్‌లు ఆడింది. చివరికి గోల్ఫ్ పట్టింది.

1964లో మహిళా ప్రొఫెషనల్ గోల్ఫ్ సంఘంలో తొలి నల్లజాతి సభ్యురాలైంది. అదే ఏడాది జులైలో పౌరహక్కుల చట్టం వచ్చింది. హోటళ్లలో, సినిమా హాళ్లలో వివక్ష చెల్లదంది. కానీ ప్రైవేటు క్లబ్బులకు మినహాయింపు ఇచ్చింది. గోల్ఫ్ పోటీలు ఎక్కువగా జరిగేదేమో వాటిల్లోనే! కొన్నిచోట్ల ఆడనిచ్చారు గానీ క్లబ్బు భవనం గడప తొక్కనివ్వలేదు. కారులోనే బూట్లు మార్చుకుని మైదానంలోకి దిగేది. టెన్నిస్‌లో తెరవాల్సిన తలుపు ఒక్కటే, గోల్ఫ్‌లో ఊరికో తలుపు. మాస్టర్స్ పోటీలు జరిగే ఆగస్టా క్లబ్బయితే తొలి నల్లజాతి సభ్యుణ్ణి 1990లో గానీ చేర్చుకోలేదు. ఆడవాళ్లకైతే 2012 దాకా ఆగాల్సి వచ్చింది.

గోల్ఫ్‌లో గిబ్సన్ టైటిల్ గెలవలేదని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. 1970లో ఒక టోర్నీలో అగ్రస్థానంలో సమంగా నిలిచి, ప్లేఆఫ్‌లో ఓడింది. అప్పటికి వయసు నలభై దాటింది. నన్నడిగితే అది ఆ వింబుల్డన్‌లకు ఏమాత్రం తీసిపోదు.

1990లలో ఈస్ట్ ఆరెంజ్‌లో, జబ్బు పడి అద్దెకూ మందులకూ కటకటలాడుతుంటే, పాత డబుల్స్ జోడీ ఏంజెలా బక్స్‌టన్‌కు ఫోన్ చేసింది. యూదురాలైన బక్స్‌టన్‌కూ మూసిన క్లబ్బు గేట్లు కొత్తకాదు. ఆవిడ చొరవతో సంగతి టెన్నిస్ పత్రికకెక్కింది. పాఠకులు డబ్బు పంపారు. గిబ్సన్ 2003 దాకా బతికింది.